పటం కట్టిన లైసెన్సు

ఆ శుక్రవారం కూడా భాగీరథి లైసెన్సు పటానికి కుంకుమ పెట్టింది.

చదువు రాకపోయినా, జహీరాబాద్‌లో తమ కల్లు దుకాణానికి ఆ కాగితమే ఆధారమని ఆమెకు తెలుసు.

బయట అరుగు చివర గంగమ్మ కల్లు కుండ దించింది. నెల కిందట ఝరాసంగం నుంచి వచ్చిన మనిషి.

"భాగీరథమ్మా, మీ కల్లు నీళ్ళలెక్క ఉన్నది. గామె కుండల జర ఘాటున్నది," అని నవ్వుతూ అటు జరిగాడో గిరాకీ.

భాగీరథి భర్త మాణిక్ మీద విరుచుకుపడింది.

"మన అరుగు మీద కూసొని మన గిరాకీనే గుంజుకుంటున్నది. ఎల్లగొట్టరాదు?"

మాణిక్ తలెత్తలేదు. "ఒక్క కుండనే గద. అమ్ముకోనీ."

"లైసెన్సు మనదా, ఆమెదా?"

"నీకెందుకే గదంత? ఆమె జోలికి పోకు."

భాగీరథి కుండ మీద మూత విసురుగా పెట్టింది. నిన్న గంగమ్మకు చాయ్ కూడా పంపించాడు. తనను తాగినవా అని అడిగిన రోజు లేదు.

మరునాడే ఆబ్కారీ ఆఫీసుకు అర్జీ రాయించి వేలిముద్ర వేసింది.

నాలుగో రోజు జీపు వచ్చింది.

"లైసెన్సు లేకుండా అమ్మేదెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"గీమెనే సార్!"

గంగమ్మ మాణిక్ వైపు చూసింది. అతను భార్య వెనక నిలబడి చేతులు జోడించాడు.

"కల్లు పారబోసి పో. మళ్ళీ కనిపిస్తే కేసే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గంగమ్మ కుండ వంచేసింది.

"పోతున్న, అక్కా. దుకాణం జర బాగ సూసుకో."

"నా దుకాణం గురించి నాకు చెప్పనీకె నువ్వెవరే?"

గంగమ్మ ఖాళీ కుండతో బస్సు రోడ్డు పట్టింది.

"మరి మీ లైసెన్సు ఏదీ?" అని ఇన్‌స్పెక్టర్ భాగీరథిని అడిగాడు.

భాగీరథి పటం దించి, చెంగుతో దుమ్ము తుడిచి గర్వంగా అందించింది.

మాణిక్ గోడకు ఆనుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అద్దం మీది కుంకుమను బొటనవేలితో గీకాడు.

దూరంగా ఝరాసంగం బస్సు హారన్ వినిపించింది.

"కల్లు గీస్తూ చెట్టు మీంచి పడి చనిపోయిన చంద్రప్ప భార్యకిచ్చిన దుకాణమా ఇది!" ఆయన తలెత్తి చుట్టూ చూశాడు. "గంగమ్మ అట, ఏదీ, ఆమెను పిలవండి."