మంగళవారం తూకం

"మూడింటి దాకా రాను ప్రభా! లైబ్రరీకి వెళ్తున్నా!"

గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినిపించేలా చెప్పాడు శేషగిరి. ప్రతి మంగళవారమూ ఇదే వరస. వంటింట్లోంచి "సరేనండీ" అంది ప్రభావతి. కారు మలుపు తిరిగిన చప్పుడు విన్నాక చేతులు తుడుచుకుని, తాళంచెవి తీసుకుని పెరట్లోని షెడ్డులోకి వెళ్ళింది.

ఆదివారం ఆయన తయారుచేసిన యాభై రైఫిల్ తూటాలు పెట్టెలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని సుత్తిలాంటి పనిముట్టులో బిగించి బల్లకేసి కొట్టింది. బుల్లెట్టూ, దాని వెనకున్న తుపాకి మందూ ఊడి వచ్చాయి. మందును తక్కెడలో పోసింది. తక్కువ. రెండోది ఎక్కువ. మూడోది మరీ ఎక్కువ. ప్రభావతి ప్రాణం ఉసూరుమంది.

శేషగిరి చేతులు వణుకుతున్నాయి. ఆ మాట ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు. ఇంగ్లండు వచ్చి లీడ్స్ హాస్పిటల్లో పాతికేళ్ళు ఎముకలు అతికించిన మనిషి, రెండున్నరేళ్ళ కింద "అలసిపోయాను" అని ఒక్క ముక్క చెప్పి ఆపరేషన్లు మానేశాడు. తర్వాత నాలుగు నెలలు రిమోటు చేత్తో పట్టుకుని, టీవీ పెట్టకుండా కూర్చున్నాడు. ఆ రోజులు తలుచుకుంటే ప్రభావతికి ఇప్పటికీ భయమే. ఆయన్ని మళ్ళీ మనిషిని చేసింది ఈ రైఫిలే. బోర్లా పడుకుని, స్టాండు మీదా ఇసుక సంచి మీదా ఆనించి కాల్చేది కనక అక్కడ వణుకు అంతగా తెలియదు. తెలిసేదల్లా తూటా తయారీలోనే.

మూలనున్న ఆ పాత రైఫిల్ బయటికి తీసిన కొత్తలోనే ఆవిణ్ణి కూడా షూటింగ్ క్లబ్బులో చేరమని ప్రాణం తీశాడు.

"నాకెందుకండీ లైసెన్సు? బొద్దింకని కూడా చంపను."

"లైసెన్సు లేనివాళ్ళు వీటిని ముట్టుకోకూడదు ప్రభా. రేపు నువ్వు బీరువా దుమ్ము దులపాలన్నా చట్టం ఒప్పుకోదు."

పోరు పడలేక చేరింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన పోలీసాయన పెసరట్లు మూడు తిని వెళ్ళాడు. లైసెన్సు వచ్చింది. అది మొదలు ప్రతి ఆదివారం షెడ్డులో ఆవిణ్ణి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టేవాడు.

"చూడు, మందు నాలుగు పలుకులు అటూ ఇటూ అయితే వెయ్యి గజాల అవతల గురి బెత్తెడు తప్పుతుంది. యాభై తూటాలూ కవలపిల్లల్లా ఉండాలి."

"ఇవన్నీ నాకెందుకు చెప్తారు?"

"పైకి చెప్తూ చేస్తే తప్పు జరగదు. ఆపరేషన్ థియేటర్లో అలవాటు."

థియేటర్ అలవాట్లు ఆయనకింకా చాలా ఉన్నాయి. ప్రతి పెట్టెకీ ఓ నల్ల నోటుబుక్కులో ఆపరేషన్ నోట్సు రాస్తాడు. తేదీ, మందు పేరు, తూకం, ఎవరు చేశారు అన్నీను. చేసేది తనొక్కడే అయినా సరే, పేరు పడాల్సిందే. "నోట్సులో అబద్ధం రాసేవాడు డాక్టరే కాదు" అంటాడు. ఆ బుక్కు ఎప్పుడూ ఆయన కోటు జేబులోనే ఉంటుంది.

పోయినేడు జూన్‌లో క్లబ్బు నుంచి వస్తూ టార్గెట్ కాగితం తెచ్చాడు. చిల్లులు జల్లెడలా ఎటుపడితే అటు ఉన్నాయి. కాగితం మడిచి, "ఇంకొక్కసారి ఇలా అయితే రైఫిల్ క్లబ్బుకి ఇచ్చేస్తాను" అని వెళ్ళి రిమోటు పట్టుకున్నాడు. అన్నం తినలేదు. అదృష్టం కొద్దీ ఆ వారమే ఆయనకి లైబ్రరీ పిచ్చి పట్టుకుంది. ఇరవై ఏళ్ళు ఫార్మసీలో తూకాలు వేసిన చెయ్యి ఆవిడది. తూటాలన్నీ విప్పి, పలుకు పలుకూ సరిచూసి, మళ్ళీ బిగించింది. ఏడాదిగా అదే పని.

ఇరవయ్యో తూటా దగ్గర గేటు చప్పుడైంది. దగ్గు వినిపించింది. ఆయనే! తాళాలు కిందపడిన చప్పుడు, మళ్ళీ దగ్గు, గుమ్మం ముందు పట్టా మీద బూట్లు రుద్దుతున్న చప్పుడు. అంతసేపు రుద్దబట్టి సరిపోయింది. ప్రభావతి అన్నీ బీరువాలో పెట్టి, తాళం వేసి, పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చి పడింది.

"గొడుగు మర్చిపోయాను. ఏం చేస్తున్నావ్?"

"ఏముంది, పప్పు కడుగుతున్నాను."

శేషగిరి ఆవిడ వేళ్ళకున్న నల్లటి మరక వంక చూశాడు. "సబ్బుతో కడుక్కో" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. కారు మళ్ళీ మలుపు తిరిగేదాకా ఆవిడ పప్పు కడుగుతూనే ఉంది. మిగతావి ఆ తర్వాతే పూర్తిచేసింది.

శనివారం కొండల మధ్య రేంజిలో పోటీ. చలిగాలి కొడుతోంది.

"ఇవాళ చెదిరితే ఇదే ఆఖరు" అన్నాడు శేషగిరి చాప మీద పడుకుంటూ.

"చెదరదు."

"అంత ధీమా ఏంటి నీకు?"

"మీ చేతుల మీద నమ్మకం."

ఆయన నవ్వి రైఫిల్‌కి చెంప ఆనించాడు. అరగంట తర్వాత చూస్తే టార్గెట్ మధ్యలో చిల్లులన్నీ ఒకచోటే చేరి ఉన్నాయి. ఫస్టు ఆయనదే. ప్రభావతికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

గెలిచినవాళ్ళ తూటా వివరాలు పైకి చదివితే బోర్డు మీద రాయడం ఆ క్లబ్బు ఆనవాయితీ. సెక్రటరీ సుద్దముక్క పట్టుకుని "డాక్టర్, ప్లీజ్!" అన్నాడు. శేషగిరి జేబులోంచి నల్ల బుక్కు తీసి భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వు చదువు ప్రభా. నా కళ్ళజోడు కార్లో ఉండిపోయింది."

కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది. చెప్పబోయి ఊరుకుని, ఆవిడ బుక్కు తెరిచింది. అన్నేళ్ళు డాక్టర్ల చీటీలు చదివిన మనిషికి ఆ వంకర అక్షరాలు ఓ లెక్క కాదు. తేదీ దగ్గరే ఆగిపోయింది. అది ఆదివారానిది కాదు, మంగళవారానిది. కింది వరస చూసింది. గబగబా వెనక పేజీలు తిప్పింది. ఏడాదిగా ప్రతి పేజీలోనూ అదే వరస ఉంది.

సర్జన్: ప్రభావతి, అసిస్టెంట్: శేషగిరి.