మంచుపూల మడి

లంబసింగిలో చలికాలం పోయి చాలా ఏళ్లయింది. మంచుపూల దుంపలు మొలవాలంటే కొన్ని వారాలు చలి తగలాలి. ఆ చలి ఇప్పుడు శవాల గదిలోనే ఉంది. ఎండలకు అడవి అంటుకుంటుందని వానలు పడేదాకా చితి పేర్చనివ్వరు. అందుకే ఊళ్లోవాళ్లు తమవాళ్ల శవం పక్కనే దుంపలు కూడా పెట్టించి, తర్వాత తెచ్చి నాటుకుంటారు.

పక్కింటి పెరడు తెల్లగా పూసింది.

“మనింట్లో ఎప్పుడు పూస్తాయి మామ్మా?” అంది మనవరాలు గంగ.

“నోర్ముయ్యే,” అని కోడలు నూకరత్నం కసిరింది.

“దాన్నేటీ అనకు,” అంది మంచంలో ఉన్న సన్యాసమ్మ. దగ్గు ఆపుకుని, తలగడ కింద దాచిన దుంపల మూట కోడలి చేతిలో పెట్టింది. “నా కాళ్ల దగ్గర పెట్టించు. మర్సిపోకు.”

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. సాయంత్రానికల్లా పెరట్లో మడి తవ్వి, తడిపి ఉంచింది.