మూడో సిలిండర్

వ్యాను తాళాలు బల్ల మీద పడేసి డ్రైవరు షెడ్డులో మెకానిక్ ముందు నిలబడ్డాడు. నెలన్నరలో అలా నిలబడటం ఇది నాలుగోసారి.

"మళ్లీ అదేనా?" అన్నాడు మెకానిక్.

"అదే అన్నా. మిట్ట ఎక్కేసరికి దగ్గుతోంది. పొద్దున సగం దుకాణాలకే బ్రెడ్డు వేశాను. మిగతావాళ్లు నా కోసం చూసి చూసి వేరేవాళ్ల దగ్గర తీసుకున్నారు. ఇంకొక్కసారి ఇలా అయితే బండిని పాత ఇనుము కింద తూకానికి వేసేస్తా."

మెకానిక్ తల దించుకున్నాడు. జబ్బు తెలియక కాదు, అదెందుకు తిరగబెడుతోందో తెలియక. వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య కాగితమంత సందు ఉండాలి. ఇంజను వేడెక్కి ఇనుము సాగినప్పుడు ఆ సందు పనికొస్తుంది. అది లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, బండి బలం తగ్గుతుంది, చివరికి వాల్వే కాలిపోతుంది. ప్రతిసారీ అతను గేజి రేకు పెట్టి కొలిచి మరీ సందు పెడుతున్నాడు. బండి తిరిగొచ్చేసరికి మూడో సిలిండర్ దగ్గర అది మాయమవుతోంది. మొదటిసారి తన చేతినే అనుమానించాడు. రెండోసారి స్క్రూ, నట్టు మార్చాడు. మూడోసారి వాల్వు కూర్చునే సీటు అరిగిందేమోనని ఇంజను పైభాగం, హెడ్డు మొత్తం దించి కొత్త సీటు వేయించాడు. కొండంతా తవ్వాడు గానీ ఎలుక కూడా దొరకలేదు.

అందుకే పోయినసారి పని ముగించాక ఎవరికీ చెప్పకుండా ఆ స్క్రూ, నట్టు రెంటి మీదుగా తెల్లరంగుతో సన్నని గీత గీశాడు. ఇప్పుడు ఇంజను పైమూత విప్పి చూస్తే గీత రెండు ముక్కలై ఉంది. ఒక ముక్క పక్కకు తిరిగింది.

"ఈ మూత ఎవరు విప్పారు?"

"ఎవరు విప్పుతారు? నాకు బల్బు మార్చడమే రాదు."

"గీత దానంతటదే విరగదు. బండి ఉండేది నీ దగ్గర."

డ్రైవరు మొహం పాలిపోయింది. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దాయన వైపు చూశాడు. "మీ నాన్నగారి చెయ్యి చూసి పదహారేళ్లుగా ఈ గడప తొక్కుతున్నా. నా అన్నం నేనే చెడగొట్టుకుంటానా అన్నా?" అన్నాడు. రేపు మూడింటికి వస్తాననీ, అదే ఆఖరనీ చెప్పి వెళ్లిపోయాడు.

పెద్దాయన ఇదేమీ పట్టనట్టు గుడ్డముక్కతో స్పానర్ తుడుచుకుంటున్నాడు. ఒకప్పుడు ఆయన గేజి ముట్టేవాడే కాదు. రాకర్‌ను వేలితో కదిపి సందు ఎంతుందో చెప్పేవాడు. ఆయన వేళ్లకు కళ్లున్నాయనేవారు. ఈ మధ్య మాట బాగా తగ్గింది. చెవులు మందగించాయేమోనని ఇంట్లో అనుకుంటున్నారు. కొత్త బండ్లు వస్తే తలెత్తి చూడడు గానీ, ఈ పాత వ్యాను వస్తే మాత్రం కుర్చీ కాస్త దగ్గరకు జరుపుకుంటాడు.

మర్నాడు పొద్దున చల్లారిన ఇంజను మీద మెకానిక్ నాలుగు సిలిండర్లకూ సందులు పెట్టాడు. ఒకటికి రెండుసార్లు కొలిచాడు. కొత్తగా గీత గీసి, మూత బిగించి, స్టార్ట్ చేసి చూశాడు. ఇంజను చక్కగా, ఒకే లయలో తిరిగింది. ఆపేసి, ఎప్పటిలాగే షెడ్డును తండ్రికి అప్పజెప్పి భోజనానికి ఇంటికి వెళ్లాడు.

అన్నం కలుపుతుంటే డ్రైవరు మొహమే కళ్లముందు ఆడుతోంది. పదహారేళ్ల నమ్మకాన్ని ఒక్క మాటతో తుంచేశాననుకున్నాడు. అంతలోనే, మరి ఆ గీత ఎలా విరిగింది అనుకున్నాడు. ఏదేమైనా మూడింటికి అతను రాగానే క్షమించమని అడగాలి. కంచం సగంలోనే వదిలేసి లేచాడు. ఏమైందని భార్య అడిగితే ఆకలి లేదన్నాడు.

షెడ్డులో గుమ్మం పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. వ్యాను ఇంజను మూత తీసి, శుభ్రమైన గుడ్డ మీద పెట్టి ఉంది. బోల్టులు వరుసగా పేర్చి ఉన్నాయి. తండ్రి కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని ఇంజను మీదకు వంగి ఉన్నాడు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికిన చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. మూడో సిలిండర్ రాకర్‌ను వేలితో కదిపి చూసి, స్క్రూ కొంచెం బిగించి, మళ్లీ కదిపి చూస్తున్నాడు. ఆ వేళ్లకు సందు తెలిసే రోజులు పోయాయని ఆయనకు తెలియదు.

మెకానిక్‌కు నెలన్నరగా పడ్డ మాటలు, దించిన హెడ్డు, డ్రైవరు పాలిపోయిన మొహం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కోపంతో రెండడుగులు ముందుకు వేశాడు.

"ప్రతిసారీ నువ్వేనా నాన్నా?"

పెద్దాయన తలెత్తి చూశాడు. తడబడలేదు, సిగ్గుపడలేదు. మెల్లగా మాట్లాడమన్నట్టు పెదాల మీద వేలు పెట్టి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

"వదులుగా ఉంటోంది. అందుకే సరిచేస్తున్నా" అన్నాడు.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

పెద్దాయన నట్టు బిగించి, స్పానర్ గుడ్డతో తుడిచి, వీధి వైపు ఒకసారి తొంగిచూసి గొంతు ఇంకా తగ్గించాడు.

"మీరు కూడా చెప్పకండి బాబూ. మా అబ్బాయి ఇంకా పని నేర్చుకుంటున్నాడు, నేను దిద్దానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు. అన్నానికి వెళ్లాడు, వాడొచ్చేలోగా ఈ మూత పెట్టేద్దాం, కాస్త పట్టుకుంటారా?"