నేల తిన్న పూత

"ఆంటీ! ఏం చేస్తున్నారు? పూసిన పైరండీ అది!"

సరుకులు కొనుక్కొచ్చిన షెహజాది కారు తలుపు కూడా వేయకుండా పరుగెత్తింది.

అప్పటికే ప్రేమవతి టిల్లర్‌తో చేనంతా తిరగేసింది. చిక్కుడు జాతి నీలం పూల లూపిన్ మొక్కలు రాబర్ట్‌సన్ కొండ ఎర్రమట్టిలో కలిసిపోయాయి.

ప్రేమవతి ఫిజీ తెలుగావిడ. రోడ్డు మలుపులో ఒంటిగదిలో అద్దెకుంటుంది. పిలవకుండా వస్తుంది, చెప్పకుండా పని మొదలుపెడుతుంది. చలికి ముందు ఆ గింజలు చల్లిందీ ఆవిడే. అవి ఎక్కడివని షెహజాది అడగలేదు.

ఆమె దిగులు ఆమెది. కంప్యూటర్ల వైటూకే హడావిడి అయిపోగానే భర్త నవీద్ ఉద్యోగం పోయింది. మిగిలింది ముచ్చటపడి కొన్న ఈ బంగాళాదుంప చేను. తొలి పంటకు వేసిన యూరియా వానకి వాలులో కొట్టుకుపోయింది, ఆకులు పసుపెక్కాయి, దుంపలు గోలీలంత ఊరాయి. ఈసారీ అంతే అయితే చేను అమ్ముకుని, ఈ దేశం వదిలి కర్నూలు దారి పట్టడమే.

"కాయలు అమ్ముకునేవాళ్ళం కదా ఆంటీ!"

"కాయ పట్టిందంటే బలం కాయకే పోతాది బేటీ. పూతలోనే నేలకి తినిపించాల. అది తిని ఆలూకి పెడతాది."

"మా చేను మేం చూసుకుంటాం. ఇంక రాకండి."

ప్రేమవతి చెప్పులకంటిన మట్టిని చేలోనే దులిపి వెళ్ళిపోయింది.

ఆ వేసవి ఆలూ ఆకులు నల్లగా నిగనిగలాడాయి. మొక్క పీకితే పిడికిలంత దుంపలు గుత్తులుగా వచ్చాయి.

షెహజాది సిగ్గుతో, ప్రేమతో ఆలూ కూర వండి మలుపు దాకా వెళ్ళింది. గదిలో సామాను సర్దుతూ జైప్రకాష్ కనిపించాడు. వాళ్ళకి ఆ చేను కొనిపెట్టిన పారమట్టా పట్నం భూముల ఏజెంటు.

"ఆంటీ ఏరి అంకుల్?"

"మా అక్క పోయిన నెల పోయిందమ్మా. గుండెపోటు."

షెహజాది కూర గిన్నెను గుమ్మంలోనే దించింది.

"నేనే రావద్దన్నాను. మా చేలో ఎందుకంత కష్టపడిందో..."

"అది అక్క చేనేనమ్మా. బావ పోయాక నాచేతే అమ్మించింది. మళ్ళీ కొనాలని ఇక్కడే ఉండిపోయింది. మీరు చేతులెత్తేస్తే ముందు తనకే చెప్పమనేది."

"మరి మా తొలి పంట పోయిన సంగతి తెలీదా?"

"ఇంకోసారి పోతే అమ్మేస్తామని నవీద్ అనగానే నేనే ఫోన్ చేసి చెప్పా, సంతోషిస్తాదని. 'అయితే బస్తా లూపిన్ గింజలు పంపు జైప్రకాష్, ఆ పిల్ల ఇక్కడ నిలవాల' అంది."