రెండు రోజుల ప్రయాణం

“ఇప్పుడు మా అమ్మ దగ్గరికి, టీచర్!”

తరగతి గోడ మీద తెరలో భూగోళం తిరుగుతోంది. పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో చోటు అడుగుతున్నారు.

“మీ అమ్మ ఎక్కడుంటుంది తల్లీ?”

“రైల్లో రెండు రోజులట టీచర్. అంత దూరం కాబట్టే రాలేకపోతోందని నాన్నమ్మ చెప్పింది.” తల్లి పనిచేసే బట్టల ఫ్యాక్టరీ పేరు గడగడా చెప్పేసింది ఆ పిల్ల.

టీచర్ ఆ పేరు కొట్టింది. ఊరి పక్క నదికి అవతలి ఒడ్డునే ఎర్ర చుక్క వెలిగింది. బస్సులో అరగంట.

“రోజూ వెళ్లి రావచ్చే!” వెనక బెంచీ పిల్లలు గొల్లున నవ్వారు.

“అది వేరేది అయ్యుంటుంది టీచర్,” అంది పిల్ల.

టీచర్ ఇంకోసారి నొక్కింది. ఫ్యాక్టరీ ముందు వీధి ఫోటో తెరుచుకుంది. నీలం గేటు, దాని పక్కన వంకర స్తంభం.

“అమ్మ పంపిన ఫోటోలో ఈ గేటే ఉంది,” అంది పిల్ల మెల్లగా.

“మ్యాపులు ఒక్కోసారి తప్పు చూపిస్తాయమ్మా,” అంటూ టీచర్ తెర ఆపేసింది.

గంట కొట్టాక, అందరూ వెళ్లేదాకా ఆగి పిల్ల టీచర్ దగ్గరికి వచ్చింది.

“వచ్చే ఏడాది మా చెల్లి మీ క్లాసుకొస్తుంది టీచర్. అదీ అమ్మ ఉండే చోటే అడుగుతుంది.”

“అడగనీ తల్లీ.”

“దానికి మాత్రం ఎక్కడో దూరంగా చూపించండి.”