మొదటి పేజీలో దొంగ పేరు

“ఇది మీ రాతేనా అమ్మా?” అని అడిగాను, అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ పుస్తకం మొదటి పేజీ తెరిచి చూపిస్తూ. అక్కడ పెన్సిలుతో ‘దొంగ వంటవాడే’ అని రాసి ఉంది.

“నాదే అయ్యోరా,” అంది సిద్ధమ్మ, ఏమాత్రం తొణక్కుండా.

నేను పుంగనూరులో ఏడో తరగతి పంతులిని. పిల్లల కోసమని చెప్పి నేను చదువుకునే పిల్లల డిటెక్టివ్ పుస్తకాలన్నీ ఆరు నెలలుగా ఇలాగే పాడవుతున్నాయి. దస్తూరీ పోల్చి దొంగను పట్టాలని క్లాసు మొత్తం చేత ‘వంటవాడు’ అని రాయించాను కూడా. చివరికి పుస్తకాలు అద్దెకిచ్చే మునిరత్నం, “నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి కద సార్,” అని ఈ ఇల్లు చూపించాడు.

“ఎందుకు రాస్తున్నారమ్మా?”

ఆమె మంచం వైపు చూసింది. భర్త రెడ్డెప్ప దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

“మా ఆయనకు గుండెనొప్పి వచ్చినప్పట్నుంచి నేనే సదివి వినిపిస్తాండా. దొంగ ఎవురో తెలీకుంటే ఆయనకు దడ పుడతాది. అందుకే ముందే పేరు రాసిపెట్టుకొని, ఆయనకు చెప్పి మొదలుపెడతా. చెరిపేది మర్చిపోతాండా. తప్పే.”

“చివరి పేజీ చూసి రాస్తారా?”

“దానికి చివరి పేజీ యాల? పది పేజీలు సదివితే తెలిసిపోతాది కదా. నీకు తెలీదా అయ్యోరా?”

ఇరవై ఏళ్లలో ఒక్క దొంగనైనా ముందుగా కనిపెట్టని నేను, తెలుసన్నట్టు తల ఊపాను.

రెడ్డెప్ప నా మొహంకేసి కాసేపు చూశాడు.

“నాకూ తెలీదు అయ్యోరా. రా, కూర్చో,” అంటూ మంచం మీద పక్కకు జరిగాడు.