చెరగని దిష్టిచుక్క

ఊళ్లో ప్రతి డాబా మీదా ఇప్పుడు సీతాకోక నలుపే. సీతాకోకచిలుక రెక్కను చూసి నేర్చిన పూత అది. పడిన వెలుగునంతా తాగేసి ఇంటికి కరెంటు ఇస్తుంది. చూస్తే రంగులా ఉండదు, అక్కడేదో కన్నం పడినట్టుంటుంది. నాగరత్నం కోడలు వనజ ఆ పూత వేసే పనికే వెళ్తుంది.

వనజ పొరుగూరి పనికి వెళ్లిన రోజున నాగరత్నానికి ఆలోచన వచ్చింది. మనవరాలికి పెట్టిన కాటుక సాయంత్రానికల్లా చెరిగిపోతోంది. కోడలి పూత డబ్బా అడుగున మిగిలినదాన్ని అగ్గిపుల్లతో తీసి, పిల్ల బుగ్గన చుక్క పెట్టింది.

"ఇది దాటి ఏ కన్ను పడుద్దో చూస్తా," అని మురిసిపోయి, రోజూలాగే పిల్లకు నూనె రాసి ఎండలో పడుకోబెట్టింది.

పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. దిష్టి గట్టిగానే తగిలిందనుకుని నాగరత్నం మర్నాడు చుక్కను పెద్దది చేసింది. మూడోనాడు ఇంకాస్త.

నాలుగోరోజు వనజ వచ్చి పిల్లను చూసి చేతిలో సంచి వదిలేసింది.

"ఏం పూశావత్తా దీనికి? మధ్యాహ్నమయితే ఆ డాబాల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం మేము!"

"ఎర్రబడలేదే, వాయలేదే! రోజూ చూస్తానే ఉన్నా."

ఆసుపత్రిలో డాక్టరమ్మ బుగ్గకు దగ్గరగా లైటు పెట్టింది. నలుపు దాన్నీ మింగేసింది. పుండు ఉందో లేదో, ఉంటే ఎంత లోతో ఏమీ తెలియలేదు. ఆమె గ్లౌజు తొడుక్కుని చుక్క మీద మెల్లగా వేలు ఆనించింది.

వేలు బుగ్గ దగ్గర ఆగలేదు.